దారి తరుగు

మిర్చి బేరంలో ధర కంటే ముందు నేను అడిగే మాట ఒకటుంది. దారి తరుగు ఎవరిది? మద్దిపాకలో కాంటా మీద తూగిన మిర్చి వరంగల్ మార్కెట్‌కు చేరేసరికి అంతే తూగదు. తేమ ఆరుతుంది, గోనెసంచి చిరుగుతుంది, లారీ ఎక్కడో ఎండలో నిలబడిపోతుంది. ఆ తగ్గింది అమ్మినవాడి నష్టమా, కొన్నవాడి నష్టమా అన్నది లోడు ఎత్తకముందే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా పంపితే తర్వాత ఇద్దరూ మొహం తిప్పుకుంటారు. ఇద్దరి కాంటాలూ సరిగానే ఉంటాయి. సరుకు మాత్రం ఉండదు.

పోయిన చలికాలం ఈ మాటనే సర్కారును అడిగారు. అడిగింది నేను కాదు, నాగపూర్‌లో జరిగే మా మహారాష్ట్ర శాసనసభ అధివేశనంలో ఒక ఎమ్మెల్యే. దారిలో పోయింది మాత్రం మా ఇంటి మనిషి. మా కోడలు జ్యోతి.

జ్యోతి పుట్టిల్లు అంకిస. చిన్నప్పుడే తల్లి పోయింది. తొలికాన్పు పుట్టింట్లో చేయడం మా ఆచారం, కానీ చేసే తల్లి లేదు కనుక మా ఇంట్లోనే పెట్టుకున్నాం. శ్రావణంలో మద్దిపాక సర్కారు దవాఖానాలో ఆడపిల్లను కన్నది. కాన్పు సాఫీగానే అయింది. ఆ తర్వాత నెత్తురు ఆగలేదు. ఆపరేషన్ చేసే డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది. నెత్తురు నిల్వ చేసే ఫ్రిజ్ ఉంది గాని దానికి పర్మిషన్ రాలేదు. అందులో సిబ్బంది తాగే నీళ్ల సీసాలు పెట్టుకునేవారు. గడ్చిరోలి జిల్లా దవాఖానాకు పోయే ఆలపల్లి రోడ్డు వరద కింద ఉంది. నర్సు కిష్టమ్మ ఒక్కతే చేయగలిగిందంతా చేసి, ఇక చేతకాక మంచిర్యాలకు తీసుకుపొమ్మంది. ప్రాణహిత వంతెన దాటాం. తెలంగాణలో పడ్డాం. చెన్నూరు కూడా దాటాక, అంబులెన్స్‌లో నా కొడుకు ఉమేష్ చేతిని పట్టుకున్న జ్యోతి చెయ్యి వదులైంది.

పసిపిల్ల మాత్రం మద్దిపాకలో నా భార్య సోమక్క ఒళ్లో ఉంది.

దసరా వెళ్లాక ప్రేమ్‌సాగర్ మా దుకాణానికి వచ్చాడు. సోమక్క అన్న కొడుకు, సిరోంచలో వకీలు. మా ముందు తరం అంతా కూలికి పోయినవాళ్లే. ఆ ఇళ్లలో మొదటి నల్లకోటు వీడిది.

"మామా, ప్రశ్న ఏసెటాయన దొరికిండు," అన్నాడు బస్తా మీద కూర్చుంటూ.

"ఏం ప్రశ్న?"

"జ్యోతి సంగతి. నాగపూర్ల అధివేశన్ ఉంటది గదా. అవుతలి పార్టీ ఎమ్మెల్యే ఒకాయన సభల అడుగుతనన్నడు. మంత్రి లేసి జవాబు చెప్పాలె."

"చెప్తే జ్యోతి వస్తదా?"

"జ్యోతి రాదు మామా. డాక్టర్ వస్తడు."

నేను నా లెక్కలో పడ్డాను. వ్యాపారస్తుడికి సర్కారుతో తగువు పనికిరాదు. చెక్‌పోస్టు వాడిది, కాంటాకు ముద్ర వేసేవాడు వాడు, నా లారీ రోజూ వాడి ముందు నుంచే పోవాలి. ఉమేష్ వాకిట్లో పికప్ బండి టైరు చూస్తున్నట్టు నిలబడ్డాడు. వాడు శ్రావణం నుంచీ ఏదో ఒకటి చూస్తున్నట్టే నిలబడుతున్నాడు.

లోపలి నుంచి సోమక్క గొంతు వచ్చింది. పసిదానికి పాలసీసా పడుతూ వింటోంది.

"హోలీ లోపట వస్తడార ప్రేమా, ఆ డాక్టరు?"

అక్కడ ఉంది అసలు లెక్క. మా బిడ్డ కాజల్‌ను చామోర్షిలో ఇచ్చాం. దానికి హోలీకి పురుడు. తొలిచూలు.

"అధివేశన్‌ల ప్రశ్న పడితే అధికారులు ఉరుకుతరు అత్తా. హోలీ దాకా ఎందుకు?"

"గట్లయితే పేరు రాసుకో," అంది సోమక్క. నన్ను అడగలేదు.

వాడు వెళ్లాక నేను చెప్పి చూశాను. చామోర్షి నుంచి గడ్చిరోలి జిల్లా దవాఖానా దగ్గర. పిల్ల అక్కడే ఉంటే ఏ గొడవా లేదు కదా అన్నాను.

"తల్లి లేని పిల్లకే అత్తగారింట్ల కాన్పు," అంది. అని, తన ఒళ్లో ఉన్న జ్యోతి కూతురిని చూసి ఆగిపోయింది. గొంతు తగ్గించి అంది: "నేను సచ్చిన్నా ఏమయ్యా? నేను బతికుండంగ నా బిడ్డ వాళ్లింట్ల ఎందుకు కనాలె? నలుగురు ఏమంటరు, దానికి ఏమనిపిస్తది?"

డిసెంబరులో నేను, ప్రేమ్‌సాగర్ నాగపూర్ పోయాం. గేటు దగ్గర ఫోను తీసుకున్నారు, సంచి తీసుకున్నారు. పైన గ్యాలరీలో కూర్చోబెట్టేముందు ఒక జవాను చెప్పాడు. లేవొద్దు, చప్పట్లు కొట్టొద్దు, మాట్లాడొద్దు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నలుగురిలో అరిచి వేలంపాట పాడి సరుకు అమ్మినవాణ్ని. నా ఇంటి బేరం కింద జరుగుతుంటే నోరు మూసుకుని పైన కూర్చున్నాను.

మా ప్రశ్న వంతు వచ్చింది. మద్దిపాక అనే మాట ఆ పెద్ద హాల్లో వినబడినప్పుడు నా వెన్ను నిటారుగా అయింది. మంత్రి కాగితం చూసి మరాఠీలో చదివాడు. సదరు దవాఖానాలో ఈ సంవత్సరం బాలింత మరణం ఒక్కటీ జరగలేదు. రక్తం నిల్వ చేసే యంత్రం అందుబాటులో ఉంది. ఖాళీ పోస్టు నింపే ప్రక్రియ నడుస్తోంది. కావున ఆలస్యానికి కారణమేమిటనే ప్రశ్న ఉద్భవించదు.

మా ప్రశ్న వేసిన ఎమ్మెల్యే లేచాడు. "మరి ఆమె ఎక్కడ చనిపోయింది?"

"అందిన సమాచారం ప్రకారం, దారిలో. పొరుగు రాష్ట్రం హద్దులో."

"అంటే ఆ చావు పొరుగు రాష్ట్రం ఖాతాలో రాసుకోవాలా?"

కొందరు నవ్వారు. జ్యోతిని చూసి నవ్వారని నేను అనుకోను. మాట చురుగ్గా పడినందుకు నవ్వారు. మంత్రి, పూర్తి సమాచారం తెప్పించి సభ ముందు పెడతానన్నాడు. అధికార పక్షం వైపు నుంచి ఒకామె లేచి, శాసనసభ తరఫున తిరిగి చూసే తమ సమితి ఎలాగూ గడ్చిరోలి జిల్లాకు పోవాల్సి ఉందని, ఆ దవాఖానా స్వయంగా చూసి వస్తామని చెప్పింది. స్పీకరు తర్వాతి ప్రశ్న పిలిచాడు. అది ద్రాక్షతోటల సంగతి. ఒక బస్తా ఎత్తి కాంటా మీద పెట్టి దించినంత సేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక ప్రేమ్‌సాగర్ ఉత్సాహంగా ఉన్నాడు. "చూసినవా మామా? మంత్రిని ఇరికిచ్చిండు."

"యాడ ఇరికిచ్చిండ్రా? ఆయన చెప్పిన దాంట్ల అబద్ధం లేదు. ఈడ చావలేదు, ఆడ చచ్చింది. తెలంగాణోళ్లను అడుగు, మా దవాఖాన్లకు రానేలేదంటరు. అదీ అబద్ధం కాదు."

వాడు నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టాడు.

"దారి తరుగు," అన్నాను. "ఎవ్వనిదీ కాదు."

సమితి వస్తుందన్న కబురు మాత్రం నిజమైంది. జనవరిలో తారీఖు తెలిసింది. అప్పటికి మిర్చి కోతలు మొదలై కల్లం నిండా ఎర్రగా పరిచి ఉంది. సోమక్క ఇంట్లో పడమటి గదికి సున్నం వేయించింది. కాజల్‌ను తీసుకురావడానికి మంచిరోజు కూడా చూపించింది. సమితి వచ్చిపోయిన వారానికే.

ఒక మధ్యాహ్నం తాలూకా ఆరోగ్య అధికారి అరుణ్‌కుమార్ మా కల్లానికి వచ్చాడు. కొల్హాపూర్ వైపు మనిషి. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. మిర్చి ఘాటుకు జీపు దిగగానే తుమ్ములు పట్టుకున్నాయి. ఆగకుండా తుమ్ముతుంటే కూలి ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"దూరం జరగండి సాబ్, గాలి ఇటు కొడుతున్నది," అన్నాను.

కళ్లు తుడుచుకుని అన్నాడు. "పోశయ్య సేట్, సమితి మీ వాంగ్మూలం తీసుకుంటది. ఒక మాట చెప్తే అయిపోతది. దవాఖానా పంపలేదు, మా ఇష్టంతోనే మంచిర్యాల తీసుకుపోయినమని."

"ఇష్టంతోనా?"

"చెప్పకపోతే విచారణ వేస్తరు. వేస్తే పడేది పైవాళ్ల మీద కాదు. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నరు? కిష్టమ్మ. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం." మళ్లీ కళ్లు తుడుచుకుని, "నేను బెదిరిస్తలేను సేట్. జరిగేది చెప్తున్న," అన్నాడు.

బెదిరింపులు నాకు కొత్త కాదు. చాలావరకు ఉత్తవే. ఇది ఉత్తది కాదని మనిషి గొంతులోనే తెలిసింది. రాత్రి అన్నం దగ్గర సోమక్కకు చెప్పాను. కిష్టమ్మ పేరు వినగానే ఆమె చెయ్యి కంచంలో ఆగింది.

"దాని కడుపు మీద కొట్టకు. జ్యోతి నెత్తురు దాని చీరకంత అంటింది. అయినా దాన్ని ఇడిసిపెట్టలే."

"గట్లయితే సారు చెప్పుమన్నట్టే చెప్పాలె."

"చెప్పు మరి," అంది. ఆ మాట అని అన్నం వదిలేసి లేచింది.

బేరం కుదిరినట్టే అనుకున్నాను. పోయినదానికి వెల లేదు. ఉన్న మనిషినైనా కాపాడుకుంటే లాభం. ఉమేష్ మాత్రం ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

సమితి వచ్చిన రోజు మద్దిపాక దవాఖానాను మేమే గుర్తుపట్టలేదు. గోడలకు రంగు, మంచాలకు కొత్త దుప్పట్లు. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు తీసేసి లోపల తుడిచి పెట్టారు. తలుపు తీస్తే బల్బు వెలుగుతోంది తప్ప ఏమీ లేదు. వెనక వంటశాలలో గోదావరి చేపల పులుసు ఉడుకుతోంది. వాకిట్లో షామియానా వేసి ఒక పక్క ఎమ్మెల్యేలను, ఎదురుగా అధికారులను కూర్చోబెట్టారు. మేము కింద జంపఖానా మీద. నాగపూర్‌లో లేచి మాట్లాడిన ఆమే సమితి అధ్యక్షురాలు. ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో పెన్సిలు, ముఖంలో నవ్వు లేదు. ఆమె మరాఠీని ప్రేమ్‌సాగర్ తెలుగు చేస్తున్నాడు. మా తెలుగును ఆమెకు మరాఠీ చేస్తున్నాడు.

ముందు అధికారులను అడిగింది. డాక్టరు పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ? ప్రకటన ఇచ్చాం, ఎవరూ చేరలేదు. ఇప్పుడేం చేస్తున్నారు? ప్రక్రియ నడుస్తోంది. ఫ్రిజ్‌కు పర్మిషన్ ఎందుకు రాలేదు? అది వేరే విభాగం, వాళ్ల దగ్గర ప్రక్రియ నడుస్తోంది. అరుణ్‌కుమార్ ప్రతి జవాబూ లేచి నిలబడి మర్యాదగానే చెప్పాడు. అద్దం మీద నీళ్లు పోసినట్టు, ఏదీ నిలవలేదు.

అప్పుడు నా పేరు పిలిచారు. లేచాను. కిష్టమ్మ తలుపు పక్కన తెల్లచీరలో నిలబడి నేల చూస్తోంది. మా ఇష్టంతోనే అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది.

"అమ్మా, జర నన్ను అడగనియ్యుండ్రి."

సోమక్క లేచి నిలబడింది. చంకలో జ్యోతి కూతురు. సోమక్క నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. నేను కూర్చోమని సైగ చేశాను. చూడలేదు.

"నాకు ఎవ్వలి మీద కోపం లేదు తల్లీ. గా కిష్టమ్మ మా కోడల్ని కన్నబిడ్డ లెక్క చూసింది. అయిందేదో అయింది, నేను దాన్ని అడుగుత లేను. నా బిడ్డకు హోలీకి పురుడు. తొలిచూలు. మా తాన తల్లిగారింట్లనే చెయ్యాలె. ఇల్లు సున్నమేసుకున్న, మంచిరోజు చూసుకున్న. ఒక్క మాట చెప్పుండ్రి. నా బిడ్డను తోల్కరావాల్నా, వద్దా?"

ప్రేమ్‌సాగర్ మరాఠీ చేశాడు. అధ్యక్షురాలు పెన్సిలు కింద పెట్టింది. తల తిప్పి అరుణ్‌కుమార్ వైపు చూసింది.

ఆయన లేచాడు. "మేడమ్, పోస్టు నింపే ప్రక్రియ..."

"ప్రక్రియ అడగలేదు ఆమె," అంది. "తీసుకురావాలా వద్దా అని అడిగింది. చెప్పండి."

వెనక వంటశాలలో గరిటె చప్పుడు వినిపిస్తోంది. అరుణ్‌కుమార్ పసిపిల్లను చూశాడు. అది ఆయన మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును చూసి చెయ్యి చాపుతోంది.

"నకో," అన్నాడు మరాఠీలో, మెల్లగా. తర్వాత సోమక్క వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "తీసుకురావద్దు అక్కా."

అధ్యక్షురాలు పక్కనున్న గుమాస్తాకు రాసుకొమ్మని చెప్పింది. తర్వాత నన్ను చూసి, మీరు చెప్పాల్సింది ఉందా అని అడిగింది. లేదన్నాను. నేను తెచ్చిన మాటకు ఆ రోజు అక్కడ గిరాకీ లేదు.

ఇంటికి పోతుంటే ఉమేష్ తల్లిని అడిగాడు. "ఇగ చెల్లెను తేవా అవ్వా?"

"ఆ సారు అన్నిటికి ఏవేవో చెప్పిండు. నాకు మాత్రం నిజం చెప్పిండు. చెప్పిచ్చుకున్నంక ఇనాలె గదరా."

సోమక్క కాజల్‌కు ఫోనులో సంగతి చెప్పింది. అంతా విని కాజల్, "గట్లయితే నేను గూడ తల్లి లేని పిల్లనేనా అవ్వా?" అంది. సోమక్క ఫోను నా చేతిలో పెట్టి పడమటి గదిలోకి పోయింది. సున్నం వాసన ఇంకా పోలేదు ఆ గదిలో.

నాకు వరంగల్‌లో గోదాము లేదు. అయినా సరుకు నిలబడాల్సి వస్తే ఎవరిదో గోదాము అద్దెకు తీసుకుని నా తాళం వేస్తాను. తాళం నాదైనన్ని రోజులు అది నా గోదామే. తలుపు దగ్గర నిలబడి సోమక్కను అడిగాను.

"తల్లిగారిల్లంటే గోడలా, తల్లా?"

"ఏందయ్యా నువ్వనేది?"

"చామోర్షిల ఒక అర్ర కిరాయికి తీసుకుంట. నువ్వు పోయి ఆడుండు. పొయ్యి నీది, వంట నీది, తాళం నీది. బిడ్డను నీ అర్రకు తోల్కపో."

ఆమె సున్నం వేసిన గోడను చేత్తో తడిమింది. నేను చెప్పిన లెక్క ఏదైనా వెంటనే కొట్టేయడం ఆమెకు అలవాటు. ఆ రోజు కొట్టేయలేదు.

గది చామోర్షి బజారులో పిండిగిర్ని పైన దొరికింది. గిర్ని నడిచినంతసేపు నేల అదురుతుంది, మెట్ల మీద తెల్లటి పిండి. కిటికీ ఒక రెక్క మూతపడదు. సోమక్క పొయ్యి, పచ్చళ్ల జాడీలు, నులకమంచం, ఊయల అన్నీ ఉమేష్ బండిలో వేయించుకుని పసిదానితో సహా దిగింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. ఇంటి ఓనరు అద్దె గడపకు పసుపెందుకని అడిగితే, "కిరాయి గదికి, గడప నాది," అంది.

మరునాడు ఒడిబియ్యం పట్టుకుని రెండు వీధుల అవతలున్న వియ్యాలవారింటికి పోయాం. వియ్యపురాలు లక్ష్మక్క గుమ్మంలోనే నవ్వింది.

"ఏంది వదినె, మీ ఊరు జరిగి మా ఊర్లకొచ్చిందా?"

"మా ఊరికి కాళ్లొచ్చినయి వదినె. రోడ్డు ఎట్లాగు బాగలేదు గదా, నడుచుకుంటనే వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే లక్ష్మక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె ఇచ్చిన మంచినీళ్లు కూడా సోమక్క ముట్టలేదు. బిడ్డకు బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో ముట్టడం మాకు లేదు. బియ్యం ఒళ్లో పోసి కాజల్‌ను వీధి వెంట నడిపించుకుని పిండిగిర్ని మెట్లు ఎక్కించాం. పైకి వచ్చి గది నాలుగు మూలలూ చూసి కాజల్, "మనిల్లు గింత చిన్నదెప్పుడయిందవ్వా?" అంది. ఆ మాటకు ఉమేష్ నవ్వాడు. శ్రావణం తర్వాత వాడి నవ్వు వినడం అదే.

హోలీకి నాలుగు రోజుల ముందు గడ్చిరోలి తీసుకుపోయాం. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. నెత్తురు కావాలన్నారు. ఒక కుర్రాడు నెత్తురు సంచి పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు, లోపల ఇచ్చాడు, ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. అంతే. అది ఉన్న చోట ఎంత మామూలు పనో చూసి నేను బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాను. కాసేపటికి ఉమేష్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

మనవడు. తల్లీపిల్లా క్షేమం.

సభ ముందు పెడతానన్న సమాచారం ఇప్పటికీ పెట్టలేదని ప్రేమ్‌సాగర్ చెబుతాడు. సమితి నివేదిక అచ్చు కాలేదు. అయినప్పుడు అందులో అరుణ్‌కుమార్ చెప్పిన ఆ ఒక్క మాట ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆయనను బదిలీ చేశారు. కిష్టమ్మ ఉద్యోగంలోనే ఉంది. డాక్టరు పోస్టుకు ప్రక్రియ నడుస్తోంది. సర్కారు మాకు ఇచ్చిన జవాబులన్నింటిలో మా ఇంటికి పనికొచ్చింది ఆ 'వద్దు' ఒక్కటే.

ఎండలు ముదిరాక గది ఖాళీ చేయడానికి పోయాను. కాజల్‌ను మగబిడ్డతో సహా కొన్నాళ్లు మద్దిపాక తీసుకుపోవాలని సోమక్క తొందర. ఉమేష్ జాడీలు దించుతున్నాడు. కింద మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తలకు తువాలు, పక్కన మూట. వెనక మెట్టు మీద నిండు నెలల పిల్ల గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"గది ఖాళీ అవుతదా సేట్?" అని హిందీలో అడిగాడు.

"ఏ ఊరు?"

"భామ్రాగడ్ దాటినంక. వాన పడితే మాకు తొవ్వ ఉండదు. ముందే వచ్చినం." పిల్లను చూపించాడు. "నా బిడ్డ."

అద్దె ఎంతో చెప్పాను, దానిలో ఎంత తగ్గించి అడగాలో కూడా చెప్పాను. నీళ్లు పొద్దున్నే వస్తాయని, గిర్ని మధ్యాహ్నం ఆగుతుందని, అప్పుడే పిల్ల పడుకోవాలని, కిటికీ రెక్కకు తాడు కట్టుకొమ్మని చెప్పాను. గడ్చిరోలికి రాత్రి కూడా వచ్చే బండివాడి నంబరు ఇచ్చాను. అతను ఒక్కొక్కటీ తల ఊపుతూ విన్నాడు.

పైన ఉమేష్ దూలానికి కట్టిన ఊయల తాళ్లు విప్పుతున్నాడు. కింది మాటలు కిటికీలోంచి సోమక్కకు వినబడ్డట్టున్నాయి.

"ఉండనియ్ రా," అంది సోమక్క.